బగ్ బయటపడ్డ గంటలో: ఏది వెంటనే ఆపాలి, దేనికి ఆగాలి

బోరు మోటారు కాలిన వాసన వస్తే ముందు స్టార్టర్ బంద్ చేస్తాం. వైండింగ్ విప్పేది ఆ తర్వాతే. నల్లగొండ ఐటీ టవర్‌లో కూర్చొని స్మార్ట్ కాంట్రాక్టులు (బ్లాక్‌చెయిన్ మీద తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) రాసేవాళ్లకూ ఇదే వరస: ఆపడం నిమిషాల్లో జరగాలి, రిపేరుకు ఎంత టైం కావాలో అంత ఇవ్వాలి.

ఆపే ఏర్పాటు ముందే ఉండాలి. పాజ్ చేయడానికి కూడా ఐదుగురిలో ముగ్గురి సంతకాలు కావాలంటే రాత్రి 2 గంటలకు ఎవరిని లేపుతారు? పాజ్ హక్కు ఒక్క తాళంచెవికి ఇవ్వండి, తిరిగి తెరిచే హక్కు మాత్రం ముగ్గురి దగ్గరే ఉంచండి. అప్పులిచ్చే కాంట్రాక్టయితే పాజ్‌లో కూడా బాకీ కట్టే దారి తెరిచే ఉండాలి. లేకపోతే వడ్డీ పెరుగుతూ పోతుంది, కడదామన్నా వీలుండదు.

ఇక రిపేరు. ఫౌండ్రీ అనే టూల్‌కిట్‌లోని యాన్విల్‌తో (మన కంప్యూటర్‌లోనే నడిచే టెస్టు చెయిన్) మెయిన్‌నెట్‌ను, అంటే అసలు డబ్బు తిరిగే నెట్‌వర్క్‌ను, దాడికి ముందున్న బ్లాక్ దగ్గర ఫోర్క్ (నకలు) చేసి, ఆ దాడిని టెస్టుగా రాయండి. పాత కోడ్ మీద ఆ టెస్టు ఫెయిల్ కావాలి, కొత్తదాని మీద పాస్ కావాలి. పనిలో పని అని పక్క ఫంక్షన్లు సర్దొద్దు. 2018 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్‌లో, లేని నాణేలను పుట్టించగల బగ్ దొరికితే, అసలు దిద్దుబాటు ఒక ‘ఫాల్స్’ను ‘ట్రూ’ చేయడమే. 17న కబురందింది, 18న 0.16.3 వెర్షన్ విడుదలైంది. నోడ్ (నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్) క్రాష్ అవుతుందని మాత్రమే మొదట చెప్పి, నాణేల సంగతి 20న బయటపెట్టారు. ఓపెన్ సోర్స్‌లో దిద్దుబాటే దొంగకు దారి చూపిస్తుంది. అందుకే ప్యాచ్‌ను ప్రైవేటు రిపోలో (బయటివాళ్లకు కనిపించని కోడ్ గూట్లో) సిద్ధం చేయండి, దాడి టెస్టును అందరూ అప్‌డేట్ అయ్యాకే పెట్టండి.

ఆగమాగం చేస్తే ఏమవుతుందో పారిటీ మల్టీసిగ్ (ఒకరికి మించి సంతకాలు అడిగే ఈథీరియం వాలెట్) చూపించింది. 2017 జులై 19న లక్షన్నరకు పైగా ఈథర్ (ఈథీరియం నాణెం) దొంగలపాలైంది, మర్నాడే కొత్త లైబ్రరీ (ఉమ్మడి కోడ్) వచ్చింది. ఒకసారి ఇనిషియలైజ్ అయిన (ఓనరు ఎవరో రాసుకున్న) వాలెట్‌ను మళ్లీ చేయలేకుండా షరతు పెట్టారు. షరతు సరైనదే. కానీ వాలెట్లన్నీ ఆధారపడ్డ ఆ లైబ్రరీనే ఎవరూ ఇనిషియలైజ్ చేయలేదు. నవంబరు 6న ఎవరో దానికి ఓనరై, సెల్ఫ్ డిస్ట్రక్ట్ (అప్పట్లో కాంట్రాక్టునే చెరిపేసిన ఆదేశం) పిలిచారు. 5 లక్షల 13 వేలకు పైగా ఈథర్ అక్కడే చిక్కుకుపోయింది. కాబట్టి కొత్త కోడ్ పెట్టేముందు ‘దీన్ని నేరుగా పిలిస్తే ఏమవుతుంది?’ అని, ప్యాచ్ రాయని మనిషితో చూపించుకోండి.

ప్రాక్సీ (అడ్రసు అదే ఉంచి వెనక కోడ్ మార్చుకోగల కాంట్రాక్టు) అయితే స్టోరేజ్ వరస, అంటే వేరియబుల్స్ దాచిన క్రమం, కదపొద్దు, కొత్త వేరియబుల్స్ చివరనే చేర్చండి. ఇంప్లిమెంటేషన్ (ప్రాక్సీ వెనకున్న అసలు కోడ్) కన్‌స్ట్రక్టర్‌లో, అంటే పెట్టేటప్పుడు ఒక్కసారే నడిచే భాగంలో, ఇనిషియలైజర్లు మూసేయండి. అప్‌గ్రేడ్, ఇనిషియలైజ్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పోవాలి. మధ్యలో సందు ఉంటే వేరేవాడు దూరతాడు. పాజ్ చేయలేని కాంట్రాక్టయితే ఆ ట్రాన్సాక్షన్‌ను పబ్లిక్ మెంపూల్‌కు (బ్లాకులో చేరకముందు ట్రాన్సాక్షన్లు అందరికీ కనిపించే చోటు) కాకుండా ప్రైవేటు రిలే (నేరుగా బ్లాకులు కట్టేవాళ్లకే చేర్చే దారి) ద్వారా పంపండి. తెరిచిన మొదటి రోజు విత్‌డ్రాకు చిన్న పరిమితి పెట్టి, లెక్కలు సరిపోయాకే పెంచండి.