లైనక్స్‌లో విండోస్ డ్రైవ్ రాయనివ్వకపోతే

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ వాడేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, లైనక్స్‌లో విండోస్ డ్రైవ్ తెరుచుకున్నా, అందులో కొత్త ఫైలు భద్రపరచబోతే ‘రీడ్ ఓన్లీ’ (చదవడానికి మాత్రమే) అని నిరాకరిస్తుంది. ఈ కారణంగా నేను చాలాకాలం ప్రతి ఫైలునూ పెన్‌డ్రైవ్ ద్వారా మార్చుకున్నాను. నిజానికి, విండోస్‌లో త్వరగా తెరుచుకోవడానికి ఉండే ‘ఫాస్ట్ స్టార్టప్’ సదుపాయం పనిచేస్తున్నంతవరకు ‘షట్ డౌన్’ నొక్కినా అది పూర్తిగా ఆగిపోదు; తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచి నిద్రపోతుంది కాబట్టి, ఆ డ్రైవ్ పాడవకూడదని లైనక్స్ అందులో రాయదు.

అప్పటికప్పుడు పని జరగాలంటే విండోస్‌లో ‘షట్ డౌన్’ బదులు ‘రీస్టార్ట్’ ఎంచుకుని, తెర మీద విండోస్ కావాలా, లైనక్స్ కావాలా అని అడిగే మెనూ రాగానే లైనక్స్‌లోకి వెళ్లండి. శాశ్వతంగా సరిచేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపున పవర్ బటన్ల పనిని నిర్ణయించే లింకు నొక్కి, పైనున్న ‘చేంజ్ సెట్టింగ్స్’ వరుసను నొక్కిన తరువాత, కింద ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ ఎదుట ఉన్న టిక్కు తీసివేసి, మార్పును సేవ్ చేయండి. దీనివల్ల విండోస్ తెరుచుకోవడానికి కొన్ని క్షణాలు ఎక్కువ పట్టవచ్చు, నాకది భారమనిపించలేదు.

అయితే విండోస్‌ను ‘హైబర్నేట్’ చేసి (తెరిచి ఉన్న పనులన్నిటినీ డిస్కులో దాచి ఆపి) వస్తే ఈ మార్పు పనిచేయదు. అప్పుడు డ్రైవ్‌ను బలవంతంగా తెరిచే ఆదేశాలు వాడితే విండోస్‌లో సేవ్ చేయని పని పోతుంది గనుక, తిరిగి విండోస్‌లోకి వెళ్లి సక్రమంగా ఆపి రండి.