ఎర్రర్ కోడ్ ఎంచుకునే ముందు మీ రిసీవర్‌లో తప్పులు ఎలా పడుతున్నాయో చూడండి

నర్సంపేట దగ్గర మా మేనమామ మిర్చి చేనులో నేల తేమ కొలిచే సెన్సర్ పెట్టాం. ఆ రీడింగులు రేడియోలో బాయికాడికి వస్తాయి, అక్కడ మోటరు స్టార్టర్ డబ్బా పక్కనే రిసీవర్ ఉంటుంది. హనుమకొండలో ఇంట్లో టేబుల్ మీద పెట్టి చూసినప్పుడు హామింగ్ కోడ్‌తో (అదనపు బిట్లు కలిపి, దారిలో పడ్డ తప్పును దిద్దే ఒక ఎర్రర్ కోడ్) అంతా చక్కగా నడిచింది. చేను దగ్గర మాత్రం మోటరు ఆన్ చేసినప్పుడల్లా మెసేజ్ పాడయ్యేది.

అందుకే చెప్తున్నా, కోడ్ పేరు దగ్గర మొదలుపెట్టకండి. ముందుగా ఒక తెలిసిన బిట్ల వరుసను ఆపకుండా పంపండి, వచ్చినదాన్ని దానితో ఎక్స్‌ఓఆర్ చేసి ఫైల్‌లో రాసుకోండి. సరిగ్గా వచ్చిన చోట 0, తప్పిన చోట 1 పడుతుంది. మేము ఆ ఫైల్‌ను ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో 1ల చుట్టూ గీత గీసుకుంటూ పోయాం. పేజీలకు పేజీలు ఖాళీ, ఒక్కసారిగా ఒకచోట గుత్తిగా పది పదిహేను తప్పులు, మళ్లీ ఖాళీ. స్టార్టర్ టక్కుమన్న ప్రతిసారీ దాదాపు 3 మిల్లీసెకన్లు సిగ్నల్ కొట్టుకుపోతోంది, మా స్పీడు సెకనుకు 9600 బిట్లు కాబట్టి 29 బిట్లు వరుసగా నమ్మడానికి లేకుండా పోతున్నాయన్నమాట.

హామింగ్ 7,4 కోడ్ (నాలుగు డేటా బిట్లకు మూడు అదనపు బిట్లు కలిపేది) ఏడు బిట్లలో ఒక్క తప్పునే దిద్దగలదు. రెండు పడితే సరిగ్గా ఉన్న ఇంకో బిట్‌ను తిప్పి ఇంకా పాడుచేస్తుంది, పైగా దిద్దేశానని అనుకుంటుంది. తప్పులు ఒక్కొక్కటిగా, దూరం దూరంగా పడే చోట మాత్రం ఇది మంచిదే, డీకోడర్‌కు (అందిన బిట్లను దిద్దే ప్రోగ్రాం) నాలుగైదు లైన్లు, ఎనిమిది గడుల పట్టిక చాలు.

గుత్తులుగా పడితే రెండు దారులు. ఒకటి ఇంటర్‌లీవింగ్: మా 64 బైట్ల మెసేజ్‌కు 128 హామింగ్ పదాలు (ఏడేసి బిట్ల ముక్కలు) అవుతాయి, వాటిని అడ్డంగా పేర్చి నిలువుగా పంపితే 29 బిట్ల దెబ్బ 29 వేర్వేరు పదాలకు ఒక్కో బిట్ చొప్పున పంచుకుపోతుంది. కానీ పంపాల్సింది 112 బైట్లవుతుంది, దెబ్బ తిన్న పదంలో ఇంకెక్కడైనా ఇంకో బిట్ తప్పితే పని చెడుతుంది. రెండోది 1960 నాటి రీడ్ సోలమన్, మేము దీనికే మారాం. ఇది బిట్లను కాకుండా బైట్లను లెక్కపెడుతుంది, ఒక బైట్‌లో ఒక్క బిట్ పోయినా ఎనిమిదీ పోయినా దానికి ఒకటే తప్పు. 29 బిట్ల దెబ్బ మహా అయితే 5 బైట్లను తాకుతుంది. 64 బైట్లకు 16 పారిటీ బైట్లు (దిద్దడానికి పనికొచ్చే అదనపు బైట్లు) కలిపితే మొత్తం 80, అందులో ఎక్కడైనా 8 బైట్లు దిద్దొచ్చు. అసలు బ్లాక్ 255 బైట్లే అయినా మొత్తం నింపాల్సిన పనిలేదు, మిగతావి సున్నాలనుకుని పంపకుండా వదిలేస్తే సరిపోతుంది. లెక్కలకు 256 బైట్ల పట్టికలు రెండు పెట్టుకుంటే మామూలు మైక్రోకంట్రోలర్ కూడా చేసేస్తుంది.

ఇంకో మంచి సంగతి, చాలామంది వాడుకోరు. మీ రేడియో మాడ్యూల్ సిగ్నల్ బలం చెబుతుంటే, అది ఉన్నట్టుండి ఎగిరిన సమయంలో వచ్చిన బైట్లను "ఇవి అనుమానం" అని డీకోడర్‌కు చెప్పండి. ఎక్కడ తప్పిందో ముందే తెలిస్తే అదే 16 పారిటీతో 16 బైట్ల వరకు రాబట్టొచ్చు.

మీ చోట గుత్తులు లేకుండా సిగ్నలే బలహీనంగా ఉండి తప్పులు చెదురుమదురుగా పడుతుంటే కన్వల్యూషనల్ కోడ్ (ప్రతి బిట్‌ను దాని ముందటి బిట్లతో కలిపి పంపేది), విటర్బి డీకోడర్ (వచ్చినదానికి బాగా దగ్గరగా ఉన్న వరుసను వెతికేది) చూడండి. బాగా వాడుకలో ఉన్న పొడవు 7 (ఒకేసారి 7 బిట్లను చూసే) కోడ్‌కు 64 స్టేట్లు, అంటే ముందటి 6 బిట్లు ఉండగల 64 రకాలు, ప్రతి డేటా బిట్‌కు ఆ 64 చోట్లా కూడి, పోల్చి, ఎంచుకోవాలి. సెకనుకు 9600 బిట్లయితే ఇది ఆరు లక్షల పైచిలుకు పనులు, కొంచెం మంచి మైక్రోకంట్రోలర్ మోస్తుంది. సెకనుకు కోటి బిట్లయితే 64 కోట్లు, ఇక ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌ను అమర్చుకోగల చిప్) తప్పదు. కొనే ముందు ఒకటి చూసుకోండి, మాడ్యూల్ 0, 1 మాత్రమే ఇస్తుందా, ఎంత గట్టిగా 0, ఎంత గట్టిగా 1 అన్నది కూడా ఇస్తుందా? విటర్బికి ఆ రెండోది దొరికితే దాదాపు 2 డెసిబెల్ లాభం (అంటే అంత బలహీనమైన సిగ్నల్‌తోనూ పని నడుస్తుంది), చవక మాడ్యూళ్లలో చాలావరకు అది దొరకదు.

5జీలో డేటాకు వాడే ఎల్‌డీపీసీ అనే ఎర్రర్ కోడ్ గురించి కూడా అడుగుతుంటారు. చాలా గొప్ప కోడ్, కానీ దాని బలం పొడవైన బ్లాకుల్లో, ఎంత గట్టిగా 0, ఎంత గట్టిగా 1 అని చెప్పే విలువల్లో ఉంటుంది. శాటిలైట్ టీవీకి వాడే డీవీబీ ఎస్2లోని 64800 బిట్ల బ్లాక్‌ను 9600 స్పీడులో పంపితే ఒక్క బ్లాక్ రావడానికే 6.75 సెకన్లు.

ఏ కోడ్ పెట్టినా లోపల సీఆర్‌సీ (మెసేజ్ సరిగ్గా ఉందో లేదో చూసుకునే చిన్న చెక్ అంకె) ఉంచండి, డీకోడర్ తప్పుగా దిద్దినప్పుడు పట్టుకునేది అదే. తిరిగి అడగడానికి వీలుంటే సీఆర్‌సీ చూసి మళ్లీ పంపించుకోవడం అన్నిటికన్నా చవక. మా సెన్సర్ పంపేసి నిద్రపోతుంది కాబట్టి మాకు కుదరలేదు.

టెస్టు మాత్రం మోటరు పక్కనే చేయండి. మామయ్య స్టార్టర్ నొక్కుతూ ఆపుతూ ఉంటే, ప్రతి మెసేజ్‌లో ఎన్ని బైట్లు దిద్దిందో డీకోడర్ చేత స్క్రీన్ మీద రాయించాను. 4, 5, 5, 4. ఆ అంకెను ఎప్పటికీ లాగ్‌లో ఉంచండి, అది 7కో 8కో చేరిందంటే మెసేజ్‌లు పోవడం మొదలవకముందే యాంటెనాను డబ్బాకు దూరంగా జరపొచ్చు.