పాత పెళ్లి డీవీడీలను ఏ ఫార్మాట్‌లో దాచుకోవాలి?
పాత పెళ్లి డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంకేవీ అన్నవి కేవలం డబ్బాల వంటివని, లోపలి దృశ్యాన్ని కుదించే పద్ధతి, అంటే కోడెక్, వేరే సంగతని ముందుగా గుర్తించాలి. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 అనే కోడెక్‌తో ముందే కుదించిన దృశ్యం కనుక, దాన్ని మళ్లీ కుదించకుండా యథాతథంగా ఎంకేవీలోకి మార్చుకుంటే నాణ్యత ఏమాత్రం తగ్గదు. కుదించిన ప్రతిసారీ తలంబ్రాల గింజల వంటి సన్నని వివరాలే ముందుగా చెరిగిపోతాయి. ఈ అసలు ప్రతిని అలాగే ఉంచి, చూసుకోవడానికి విడిగా హెచ్.264 కోడెక్‌తో ఎంపీ4 ప్రతిని తయారు చేసుకోవడం మేలు, ఎందుకంటే 2003 నాటి ఆ కోడెక్‌ను దాదాపు అన్ని టీవీలూ, ఫోన్లూ ఆడిస్తాయి. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతను సుమారు సగం పరిమాణంలోనే ఇస్తుంది గానీ, అమ్మమ్మగారింటి పాత టీవీ దాన్ని గుర్తించకపోవచ్చు.