సపోర్ట్ ఆట నేర్చుకుందాం – 4వ పాఠం: ఎవరిని కాపాడాలి?

జట్లుగా పోరాడే వీడియో గేమ్‌లలో తోటి ఆటగాళ్లను కాపాడే పాత్రను సపోర్ట్ అంటాం. గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఓడిపోయిన మ్యాచ్ రీప్లే ఒకటి తీసి, ప్రతి టీమ్‌ఫైట్‌లో (రెండు జట్లూ కలబడే పోరులో) మీ మొదటి హీలో (హెల్త్ నింపేది) షీల్డో (దెబ్బను అడ్డుకునేది) ఎవరికి వేశారో రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. చాలామంది కాగితాల్లో ఒకే పేరు పదేపదే కనిపిస్తుంది: ట్యాంక్. ముందు వెళ్లేది అతనే, ముందు దెబ్బలు తినేది అతనే, హెల్త్ బార్ ముందు తగ్గేదీ అతనిదే. కన్ను అటు పోతుంది, కన్ను వెంట చెయ్యి పోతుంది. అక్కడే మీ పెద్ద స్కిల్ అయిపోతుంది.

"ఎవరి హెల్త్ తగ్గింది?" అన్నది ఆట మనల్ని అడిగే ప్రశ్న. మనం అడగాల్సింది వేరే: "ఎవరు బతికుంటే ఈ ఫైట్ మనది?" దీనికి జవాబు ఫైట్ మొదలయ్యేలోపే మీ దగ్గర ఉండాలి. మొదలయ్యాక ఆలోచించే తీరిక ఉండదు.

డోటా 2 అనే ఆటలో ఆటగాళ్లకు 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. ఒకటో వాడు క్యారీ (సంపాదనతో బలపడి జట్టును గెలిపించాల్సినవాడు), ఐదో వాడు పూర్తి సపోర్ట్. ఆ అంకెలు గొప్పతనానికి కావు, మ్యాప్ మీది గోల్డ్ (ఆటలోని డబ్బు) ముందు ఎవరికి దక్కాలో చెప్పే వరుస. అంటే జట్టు సంపాదనలో పెద్ద వాటా ఒకరి ఐటెమ్‌లలోకి (గోల్డ్‌తో కొనే సామగ్రిలోకి) పోతుంది. అతను పోతే ఆ గోల్డ్ మొత్తం ఆ ఫైట్‌లో పనికిరాకుండా పోతుంది. పైగా లెవెల్ పెరిగేకొద్దీ చనిపోయాక తిరిగి రావడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. మొదట్లో క్యారీ చనిపోతే కాసేపు నష్టం. చివర్లో చనిపోతే అతను లేచేలోపు శత్రువులు బేస్‌లోకి వచ్చేస్తారు. అందుకే "అనుమానమొస్తే క్యారీని కాపాడు" అన్న మాట కొత్తవాళ్లకు పనికొస్తుంది. కానీ దాని దగ్గరే ఆగిపోకండి.

క్యారీ ఆ మ్యాచ్‌లో వెనకబడి ఉండొచ్చు. మూడుసార్లు చనిపోయాడు, మొదటి పెద్ద ఐటెమ్ ఇంకా రాలేదు. మిడ్‌లో (మ్యాప్ మధ్య దారిలో) ఉన్న మేజ్ (మంత్రాలతో కొట్టేవాడు) మాత్రం అందరికన్నా రెండు లెవెళ్లు ముందున్నాడు. ఆ రోజుకు మీ క్యారీ ఆ మేజే. పాత్ర పేరు చూసి నిర్ణయించకండి, స్కోర్‌బోర్డ్ తెరిచి చూడండి. కొన్ని నిమిషాలకోసారి చూడటం అలవాటు చేసుకోండి. సపోర్ట్ స్కోర్‌బోర్డ్ చూసేది కిల్స్ లెక్కపెట్టడానికి కాదు, కాపాడాల్సిన మనిషి మారాడేమో తెలుసుకోవడానికి.

ఫైట్ మొత్తాన్ని ఒకే అల్టిమేట్‌తో (అల్టీ, అంటే అన్నిటికన్నా పెద్ద స్కిల్‌తో) తిప్పేసే హీరో మీ వైపు ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. డోటాలో ఎనిగ్మా అనే హీరో బ్లాక్ హోల్ (దగ్గరున్న శత్రువుల్ని లాగి పట్టేసే అల్టీ) వేశాడనుకోండి. అతను కదలకుండా దాన్ని పట్టుకుని ఉండాలి, ఎవరైనా స్టన్ చేస్తే (కాసేపు ఏమీ చేయలేకుండా చేస్తే) అక్కడితో ఆగిపోతుంది. ఆ కొన్ని సెకన్లు మీ ప్రపంచంలో ఎనిగ్మా తప్ప ఇంకెవరూ లేరు. అతనికి హీల్ వేయడం కాదు మీ పని. బ్లాక్ హోల్‌లో చిక్కని శత్రువుల్లో ఎవరి దగ్గర స్టన్ మిగిలుందో చూసి, వాణ్ని ఆపాలి. అల్టీ అయిపోగానే ఎనిగ్మా ప్రాధాన్యం పడిపోతుంది. అప్పుడు అతన్ని వదిలి క్యారీ దగ్గరికి రావాలి. ఒకే ఫైట్‌లో కాపాడాల్సిన మనిషి ఇలా రెండుసార్లు మారడం మామూలే.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. కాపాడటమంటే మనవాడికి ఏదో ఒకటి వేయడమే కానక్కర్లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో లులు అనే పాత్ర ఆడేవాళ్లు మంచి సందర్భంలో పాలిమార్ఫ్‌ను (శత్రువును కాసేపు చిన్న జంతువుగా మార్చే స్కిల్‌ను) మీదికి దూకిన అస్సాసిన్ (చాటుగా వచ్చి చంపేవాడి) మీద వేస్తారు. వాడు కాసేపు ఏ స్కిల్లూ వాడలేడు. షీల్డ్ ఆపలేని దెబ్బను అది అసలు పడనివ్వదు.

ఇప్పుడు ఒక్క ఫైట్‌ను దగ్గరగా చూద్దాం. మొబైల్ లెజెండ్స్ ఆట, లార్డ్ (చంపిన జట్టుకు సాయపడే పెద్ద రాక్షసుడు) దగ్గర రెండు జట్లూ ఎదురుపడ్డాయి. మీరు ఆడుతున్న సపోర్ట్ ఏంజెలా. మీ ట్యాంక్ టిగ్రియల్ ముందున్నాడు, వెనక మీ క్యారీ లైలా కాలుస్తోంది. లైలాకు గెంతి తప్పించుకునే స్కిల్ లేదు. శత్రువుల్లో నలుగురు కనిపిస్తున్నారు. ఐదోవాడు సేబర్, మినీమ్యాప్‌లో ఎక్కడా లేడు.

టిగ్రియల్ హెల్త్ సగానికి వచ్చింది. ఏంజెలా అల్టిమేట్ ఒకరికి షీల్డ్ ఇచ్చి, మిమ్మల్ని ఆ మనిషితో కలిపేస్తుంది. వేలు టిగ్రియల్ వైపు పోతోంది. ఆగండి. సేబర్ అల్టిమేట్ ఒక్కరినే ఎంచుకుని, గాల్లోకి లేపి కొడుతుంది. కనపడని సేబర్ దేనికోసం ఎదురుచూస్తున్నాడు? మీ అల్టీ అయిపోవడం కోసమే. టిగ్రియల్‌కు మామూలు హీల్ వేస్తూ పెద్దది దాచుకోండి. పొదలోంచి సేబర్ లైలా మీదికి దూకాడు. ఇప్పుడు లైలాకు వేయండి. ఆమె నిలబడింది, సేబర్ అల్టీ అయిపోయింది, వాడు మీ జట్టు మధ్యలో ఒంటరిగా మిగిలాడు. ఆ తర్వాత టిగ్రియల్ చనిపోయినా ఫైట్ మీదే కావచ్చు. తారుమారైతే, టిగ్రియల్ బతికుంటాడు గానీ కొట్టేవాళ్లు ఉండరు.

స్కిల్ స్వభావం కూడా చూడాలి. షీల్డ్ దెబ్బకు ముందు పడాలి, హీల్ దెబ్బ తర్వాత పడుతుంది. డోటాలో డాజిల్ అనే హీరో "షాలో గ్రేవ్" స్కిల్ వేస్తే, అది ఉన్నంతసేపు మనిషి చావడు. నిండు హెల్త్ మీద వేస్తే దండగ, ఆఖరి క్షణం దాకా ఆగాలి.

ఓవర్‌వాచ్ లాంటి షూటింగ్ ఆటల్లో గోల్డ్, ఐటెమ్‌లు పోగేసుకునే క్యారీ ఉండడు కాబట్టి పై లెక్క యథాతథంగా సరిపోదు. 2022లో వచ్చిన ఓవర్‌వాచ్ 2 జట్టును ఆరుగురి నుంచి ఐదుగురికి తగ్గించి, ఒక్క ట్యాంక్‌నే ఉంచింది. ఆ ఒక్కడు పడిపోతే మిగతావాళ్లకు నిలబడే చోటు పోతుంది, కాబట్టి అక్కడ ట్యాంక్ విలువ ఎక్కువ. ఇంకా ముఖ్యం, రెండో సపోర్ట్. ఆనా, జెన్యాటా లాంటివాళ్లకు వేగంగా తప్పుకునే దారి లేదు, పక్కనుంచి వచ్చే శత్రువు గురి ముందు వాళ్లమీదే. మీ జతగాణ్ని చూసుకోండి. అతను బతికుంటేనే మీకూ హీల్ దొరుకుతుంది.

వదిలేయడం కూడా నేర్చుకోవాలి. ఇది కష్టం, నాకు బాగా తెలుసు. మనవాడు ఐదుగురి మధ్య చిక్కుకుని సహాయం అడుగుతుంటే చూస్తూ ఊరుకోవడం మనసుకు పట్టదు. కానీ లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఫ్లాష్ (ఒక్క క్షణంలో కొద్ది దూరం గెంతించే స్కిల్) మళ్లీ రావడానికి 300 సెకన్లు. ఎలాగూ పోయేవాడి కోసం దాన్ని వాడి లోపలికి వెళితే ఒక చావు రెండవుతుంది, తర్వాతి ఐదు నిమిషాలు మీకూ తప్పించుకునే దారి ఉండదు. అతన్ని చేరేలోపు అతను బతికుంటాడా, చేరాక ఇద్దరూ బయటపడతారా? రెండిటికీ అవుననలేకపోతే వెళ్లకండి.

ఈ వారం అభ్యాసం. ఐదు మ్యాచ్‌లు ఆడండి. లోడింగ్ స్క్రీన్ మీద పదిమందీ కనిపించగానే, మన వైపు ఎక్కువసేపు డ్యామేజ్ ఇవ్వగలిగేది ఎవరు, అతని దాకా రాగలిగే శత్రువు ఎవరు, ఏ స్కిల్‌తో వస్తాడు, దాన్ని ఆపడానికి నా దగ్గరేముంది అని చూసుకోండి. తర్వాత ప్రతి పెద్ద ఫైట్‌కు ముందు కాపాడాల్సిన మనిషి పేరు పైకి అనండి. మనసులో అనుకుంటే చాలదు, పైకి అంటేనే తర్వాత మర్చిపోలేరు. మ్యాచ్ అయ్యాక, అన్న పేరు ఒకటి, మీ స్కిల్ పడిన పేరు ఇంకొకటి అయిన ఫైట్‌లు ఎన్నో రాయండి. పాత కాగితం పక్కనే రాయండి. ఐదో పాఠంలో ఆ మనిషికి ఎంత దూరంలో, ఏ వైపు నిలబడాలో చూస్తాం. అప్పుడు రెండు కాగితాలూ కావాలి.