బేస్ గిటార్ సొంతంగా – 4వ పాఠం: పికప్ ఎంచుకోవడం, కిలో ఓమ్‌ల ఉచ్చు

పోయిన పాఠంలో పాత పికప్‌లను (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే, అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టిన భాగాలు) మల్టీమీటర్‌తో కొలిచి, రెసిస్టెన్స్ అంకె రాసుకోమన్నాను. రాజాం, బొబ్బిలి, ఆమదాలవలస, ఎక్కడినుంచి ఎవరు రాసినా ఒకే భయం: “జాక్ దగ్గర 3.6 కిలో ఓమ్‌లే చూపిస్తోంది, కాయిల్ పోయినట్టేనా?”

పోలేదు. మీరు రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచి కొలిచారు. అప్పుడు రెండు పికప్‌లూ పారలల్‌లో (సమాంతరంగా కలిసి) ఉంటాయి. ఉదాహరణకి 7.2, 7.6 కిలో ఓమ్‌ల పికప్‌లు అలా కలిస్తే 3.7 అవుతుంది, రెండు 250 కిలో ఓమ్ వాల్యూమ్ పాట్‌లు (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్లు) కలిసి దాన్ని 3.6కి దించుతాయి. టోన్ పాట్ ఈ లెక్కలోకి రాదు, దానితో ఉన్న కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది. సరైన అంకె కావాలంటే పికప్ హాట్ వైరు (సిగ్నల్ వచ్చే వైరు) ఊడదీసి కొలవాలి. నేనైతే మొదటి చూపుకి అంత పని పెట్టుకోను. జాజ్ బేస్‌లో (రెండు పికప్‌లకి రెండు వాల్యూమ్‌లు ఉండే రకం) ఒక వాల్యూమ్ సున్నాకి తిప్పి, రెండోది పూర్తిగా తెరిచి జాక్ దగ్గరే కొలుస్తాను. 7.5 ఉన్న పికప్ అలా 7.1 చూపిస్తుంది. కాయిల్ బతికుందో లేదో తెలియడానికి అది చాలు. ఒక వాల్యూమ్ తగ్గించగానే మీటర్ మొత్తానికే సున్నా అయితే పికప్ తప్పేమీ లేదు, ఒక వాల్యూమ్ రెండోదాన్ని కూడా మూసేసేలా వైర్లు కట్టారన్నమాట.

పాఠం అయ్యేలోపే ఒక పికప్ కొని బిగించినవాళ్ళది ఇంకో ఇబ్బంది. విడివిడిగా రెండూ బాగున్నాయి, రెండూ తెరిస్తే అడుగు స్వరం మాయమై డొల్లగా మోగుతోంది. ఫేజ్ తిరగబడింది, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్ళు ఒకదానికొకటి ఎదురు తిరిగి రద్దవుతున్నాయి. మీటర్‌ని డీసీ 200 మిల్లీవోల్ట్‌ల దగ్గర పెట్టి, ప్రోబ్‌లు ఒకటి హాట్‌కి, ఒకటి గ్రౌండ్‌కి తగిలించండి. ఇనుప స్క్రూడ్రైవర్ పోల్ ముక్కల మీద ఆనించి చటుక్కున పైకి లాగండి. అంకె ముందు ప్లస్‌లోకి వెళ్ళిందా, మైనస్‌లోకా చూడండి. ముల్లు మీటర్ దొరికితే ఇంకా తేలిక. రెండు పికప్‌లూ ఒకే వైపు వెళ్ళాలి. వెళ్ళకపోతే ఒకదాని రెండు వైర్లు తారుమారు చేయండి. బయటి జాలీ వైరు లోహపు కవర్‌కి కలిసి ఉన్న పికప్‌ని మాత్రం అలా తిప్పొద్దు, కవర్ హాట్ అయిపోయి గుయ్ మంటుంది.

ఫేజ్ కుదిరినంత మాత్రాన హమ్ (కరెంటు గుయ్ శబ్దం) పోదు. రెండు సింగిల్ కాయిల్‌లు కలిసి హమ్‌ని రద్దు చేయాలంటే వాటి అయస్కాంత ధ్రువాలు కూడా ఎదురెదురుగా ఉండాలి. బయటికి తీసి ముఖాలు ఎదురుగా పెడితే దగ్గరకు లాక్కోవాలి. తోసుకుంటే ఆ జంట కుదరలేదు. అందుకే జాజ్ పికప్‌లు జతగానే కొనమంటాను.

ఇప్పుడు అసలు విషయం. “ఫలానా పికప్ 9.4 కిలో ఓమ్‌లు, మాది 7.5. అది ఎక్కువ క్లియర్‌గా ఉంటుంది కదా?” ఈ ప్రశ్న ప్రతి పాఠానికీ వస్తోంది, ఇక్కడే తేల్చేద్దాం. డీసీ రెసిస్టెన్స్ స్పష్టతకి కొలమానం కాదు. 42 గేజ్ తీగతో 7.5 వచ్చిన కాయిల్‌ని, అన్నే చుట్లతో, ఇంకా సన్నని 43 గేజ్ తీగతో చుడితే దాదాపు 9.4 వస్తుంది. చుట్లు మారలేదు, అయస్కాంతం మారలేదు, స్వరమూ పెద్దగా మారదు. పైగా రాగి తీగ రెసిస్టెన్స్ వేడితో పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.39 శాతం. 20 డిగ్రీల దగ్గర 7.5 చూపించిన పికప్ మే నెల మధ్యాహ్నం విజయనగరంలో 40 డిగ్రీల గదిలో 8.1 చూపిస్తుంది. ఎండ వల్ల పికప్ మెరుగుపడిందని ఎవరూ అనరు కదా! ఒకే తీగతో చుట్లు పెంచి రెసిస్టెన్స్ పెంచితే జరిగేది మీరు కోరుకున్నదానికి తలకిందులు: ఇండక్టెన్స్ (మారే కరెంటుని కాయిల్ అడ్డుకునే గుణం, హెన్రీల్లో కొలుస్తారు) పెరిగి పై స్వరాలు తగ్గుతాయి, శబ్దం పెద్దదై ముద్దగా మారుతుంది.

చూడాల్సింది ఇండక్టెన్స్, దాంతోపాటు కేబుల్ కెపాసిటెన్స్ (కేబుల్‌లో విద్యుత్ చార్జి నిలవయ్యే గుణం). ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం కడతాయి, దాని పైన స్వరం జారిపోతుంది. ఒక మీటరు పొడవు కేబుల్‌కి సుమారు 100 పికోఫారడ్ అనుకోండి. 4 హెన్రీల పికప్‌కి 3 మీటర్ల కేబుల్‌తో శిఖరం సుమారు 4,600 హెర్ట్జ్, 6 మీటర్లతో 3,250. 8 హెన్రీల పికప్ అయితే అదే 6 మీటర్లతో 2,300 దగ్గరే ఆగిపోతుంది. వేలి గోటి దెబ్బ, స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించడం) చురుకు వినబడేది 2,000 నుంచి 5,000 మధ్యలో. అంటే కేబుల్ సగం చేసినా కొంత స్పష్టత ఉచితంగా వస్తుంది. మామూలు మల్టీమీటర్ హెన్రీలు చూపించదు, ఎల్‌సీఆర్ మీటర్ కావాలి. తయారీదారు ఇచ్చిన వివరాల్లో హెన్రీలు ఉంటే కిలో ఓమ్‌ల వరస వదిలేసి అదే చదవండి.

నాలుగు వైర్ల హంబకర్ (హమ్ పోయేలా రెండు కాయిల్‌లు ఉన్న పికప్) సోప్‌బార్ ఉన్నవాళ్ళు కొత్తది కొనేముందు దాని రెండు కాయిల్‌ల సీరీస్ (ఒకదాని వెనక ఒకటి) విప్పి పారలల్ కట్టి చూడండి. ఇండక్టెన్స్ నాలుగో వంతుకి పడి శిఖరం దాదాపు రెట్టింపు పైకి వెళ్తుంది. శబ్దం తగ్గుతుంది, దాన్ని యాంప్‌లో పెంచుకోవచ్చు. వైర్ల రంగులు మాత్రం ఒక కంపెనీ పట్టిక చూసి ఇంకో కంపెనీ పికప్‌కి కట్టొద్దు.

కొత్తది కొనాల్సిందే అయితే, ఒక్క బ్రిడ్జ్ పికప్‌తో (తీగలు బిగించే బ్రిడ్జ్ వైపు ఉన్నది) స్టేజి మీద వాయించేవాళ్ళకి హమ్ లేని రకమే చెబుతాను. సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం స్టేజిల మీద జనరేటర్, సీరియల్ లైట్లు, డిమ్మర్లు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ ఒంటి సింగిల్ కాయిల్ పాట మధ్య ఖాళీల్లో గుయ్ మంటూనే ఉంటుంది. హమ్ లేని రకాల్లో డిమార్జియో అల్ట్రా జాజ్ మామూలు 250 కిలో ఓమ్ పాట్‌లతోనే నడుస్తుంది. ఈఎంజీ జె యాక్టివ్: 25 కిలో ఓమ్ పాట్‌లు, 9 వోల్ట్ బ్యాటరీ, స్టీరియో జాక్ కావాలి, వాయించడం అయ్యాక కేబుల్ పీకకపోతే బ్యాటరీ దిగిపోతుంది. లోపలే బఫర్ (కేబుల్‌ని నడిపే చిన్న సర్క్యూట్) ఉంటుంది కాబట్టి పొడుగు కేబుల్ దీన్ని బాధించదు. పెద్ద స్టేజి వాళ్ళకి నా ఓటు దీనికే. చర్చిలో రెండు పికప్‌లూ తెరిచి వాయించేవాళ్ళకి మంచి సింగిల్ కాయిల్ జత చాలు.

కొలతలు: జాజ్ నెక్ పికప్ సుమారు 92 మి.మీ., బ్రిడ్జ్‌ది 95. చవక గిటార్లలో రెండూ ఒకే పొడవు ఉండొచ్చు, స్కేలు పెట్టండి. సోప్‌బార్ అన్నది ఆకారం పేరు, కొలత కాదు. ఈఎంజీ 35 పొడవు 89 మి.మీ., ఈఎంజీ 40 పొడవు 102, రెండింటి వెడల్పూ 38.

బిగించాక ఎత్తు: చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, పోల్‌కీ తీగకీ మధ్య లావు ‘E’ తీగ వైపు 3.2, సన్న ‘G’ తీగ వైపు 2.4 మి.మీ. నుంచి మొదలుపెట్టండి.

అభ్యాసం. ముందు తీగలు మార్చండి, స్టీల్ రౌండ్‌వౌండ్. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో తీగలు తొందరగా చచ్చిపోతాయి, ఆ మొద్దు స్వరానికి పికప్‌ని తిట్టి లాభం లేదు. తర్వాత ప్రతి పికప్‌కీ పొడవు, వెడల్పు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, గది వేడితో సహా రెసిస్టెన్స్, ఫేజ్ గుర్తు, ధ్రువం రాయండి. ఆపైన ఒకే నాలుగు బార్ల లైను నెక్, బ్రిడ్జ్, రెండూ కలిపి, ఒక్కోటీ 3 మీటర్లు, 6 మీటర్ల కేబుల్‌తో, టోన్ పూర్తిగా తెరిచి రికార్డు చేయండి. మొత్తం ఆరు ముక్కలు. హెడ్‌ఫోన్‌లో వినండి, ట్వీటర్ లేని 15 అంగుళాల క్యాబినెట్‌లో ఈ తేడా సరిగ్గా బయటపడదు. ఆరింటిలో ఏది మీకు కావలసినదానికి దగ్గరగా ఉందో రాసి పంపండి. వచ్చే పాఠంలో 500 కిలో ఓమ్ పాట్‌లు, టోన్ కెపాసిటర్ 473 (0.047 మైక్రోఫారడ్) బదులు 223 (0.022) పెట్టడం గురించి చెబుతాను.