డ్యూటీ డబ్బాకు శనగ గుడాలు

సాయంత్రం ఆకలికి నూనె కారే మిర్చీల కంటే గుడాలు (గుగ్గిళ్లు) ఎంతో మేలు. ఒక్కరికి 50 గ్రాముల నల్ల శనగలు చాలు, దాదాపు 10 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. రాత్రే నానబెట్టి, పొద్దున నీళ్లు మార్చి, ఉప్పేసి కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. బొబ్బర్లయితే రెండే, మించితే ముద్దవుతాయి.

నీళ్లు పూర్తిగా వంపి, చెంచా నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, కరివేపాకు పోపు పెట్టి తడి ఆరేదాకా వేయించాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై దిగుతుంది, నల్లగొండ ఎండలకు మధ్యాహ్నానికే జిగురొచ్చి పులుస్తాయి. పళ్లెంలో ఆరబోసి, చల్లారాకే డబ్బాలో పెట్టండి. పచ్చి ఉల్లిగడ్డ, కొబ్బరి ముందే కలపొద్దు. నిమ్మచెక్క విడిగా తీసుకెళ్లి తినేముందు పిండుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గుప్పెడు వేయించిన పల్లీలు, చిన్న బెల్లం ముక్కే నయం.