అతీంద్రియ డిటెక్టివ్ సిరీస్ రాయడం – ఐదవ పాఠం: సహాయ పాత్రలు

గత పాఠంలో మన డిటెక్టివ్ సుభద్రకు ఒక రూపం వచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద అద్దె గది ఆమె కార్యాలయం. చనిపోయినవారు చివరిసారి తాకిన వస్తువును పట్టుకుంటే వారి ఆఖరి మాట ఆమెకు వినిపిస్తుంది, కానీ ఆ మాట ఏ కోర్టులోనూ సాక్ష్యంగా నిలబడదు. ఈ పాఠంలో ఆమె చుట్టూ తిరిగే మనుషులను తయారు చేసుకుందాం.

మొదట ఒక సంగతి మనసులో పెట్టుకోండి. దయ్యాలతో వ్యవహరించడం డిటెక్టివ్‌కు రోజువారీ పని కాబట్టి, ఆమె ఎంత గంభీరంగా మాట్లాడినా ప్రేక్షకుడికి వెన్నులో చలి పుట్టదు. తన ఉద్యోగం, అప్పులు, పిల్లల ఫీజుల మధ్య బతుకుతున్న మామూలు మనిషి, జరగకూడనిది కళ్లముందు జరిగినప్పుడు దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక తడబడితే, అప్పుడు ప్రేక్షకుడు నమ్ముతాడు. అందువల్ల సహాయ పాత్రకు పేరు, వయసు, ఊతపదం ఆలోచించే ముందే, ఆ అసాధ్యమైన విషయం వల్ల ఆ మనిషికి స్వయంగా ఏం నష్టం జరుగుతుందో తేల్చుకోవాలి.

1993లో అమెరికాలో మొదలైన ‘ది ఎక్స్-ఫైల్స్’ సిరీస్‌లో, అంతుచిక్కని కేసులను వెతికే దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పైఅధికారి వాల్టర్ స్కిన్నర్ పాత్రను గమనించండి. మొదట్లో అతను నివేదికలు అడిగే, కథానాయకులను మందలించే అధికారిగానే కనిపిస్తాడు. 1994లో వచ్చిన ‘వన్ బ్రెత్’ ఎపిసోడ్‌లో కథానాయకుడైన ఏజెంట్ మల్డర్ రాజీనామా ఇచ్చినప్పుడు, స్కిన్నర్ స్వయంగా అతని గదికి వెళ్లి, వియత్నాం యుద్ధంలో తన శరీరాన్ని తానే బయటి నుంచి చూసుకున్న అనుభవం చెబుతాడు. ఆ అనుభవానికి అవతల ఏముందో చూడడానికి తనకు భయమనీ, మల్డర్‌కు ఆ భయం లేదనీ ఒప్పుకొని రాజీనామాను తిరస్కరిస్తాడు. ఆ ఒక్క సంభాషణతో అంతకుముందు అతను పెట్టిన ఆంక్షలన్నిటికీ వేరే అర్థం వస్తుంది. అతను నమ్మనివాడు కాడు, చూసి కూడా తలుపు వేసుకున్నవాడు. నా దృష్టిలో సహాయ పాత్ర రచనలో ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం, ఎందుకంటే ఇందులో కొత్త సంఘటన ఒక్కటి కూడా జరగదు, పాత సంఘటనలే మారిపోతాయి.

నమ్మనివాడి పాత్ర కూడా అవసరమే, కానీ అతని అవిశ్వాసానికి వృత్తిపరమైన కారణం ఉండాలి. 1974–75లో ప్రసారమైన ‘కోల్‌చాక్: ది నైట్ స్టాకర్’ సిరీస్‌లో, అతీంద్రియ ఘటనల వెంటపడే విలేఖరి కోల్‌చాక్ పైనున్న సంపాదకుడు విన్సెంజో ఆ పని చేస్తాడు. అచ్చు వేయడానికి రుజువు కావాలి, ప్రతి కథ చివరా రుజువు చేజారిపోతుంది, కాబట్టి అతని పట్టుదల మూర్ఖత్వంగా అనిపించదు.

రక్తపిశాచి డిటెక్టివ్‌గా పనిచేసే ‘ఏంజెల్’ (1999–2004) సిరీస్ మరో మెళకువ చూపింది. డోయల్ అనే పాత్రకు రాబోయే ఆపదలు దర్శనాలుగా కనిపిస్తాయి, వాటితోపాటు భరించలేని తలనొప్పి వస్తుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో అతను చనిపోయే ముందు ఆ శక్తి కార్డీలియాకు సంక్రమిస్తుంది. అప్పటిదాకా నటిగా అవకాశాల కోసం తిరుగుతూ డిటెక్టివ్ కార్యాలయంలో పనిచేస్తున్న ఆ అమ్మాయి, కోరుకోని బరువును మోయవలసి వస్తుంది. సమాచారం అందించే పాత్రను మీరు సృష్టిస్తే, ఆ సమాచారం ఊరికే రాకూడదు. అడిగినప్పుడల్లా జవాబు చెప్పే పాత్ర ఉంటే డిటెక్టివ్‌కు పని ఉండదు.

ఇప్పుడు మన గుంటూరుకు వద్దాం. మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో కోటయ్య అనే గుమాస్తా ఉన్నాడనుకోండి. రైతుల సరుకు ఏ ఛాంబరులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉందో రిజిస్టరులో రాయడం అతని పని. అక్కడ రాత్రిపూట ఏదో జరుగుతోంది. కొత్తగా రాసేవారు చాలామంది ఈ సన్నివేశాన్ని ఇలా రాస్తారు:

“అమ్మా, రాత్రయితే ఇక్కడ ఏదో తిరుగుతోందమ్మా. చాలా భయంగా ఉంది.”
“ఎప్పటి నుంచి?”
“నెల రోజుల నుంచి.”

ఈ మాటలను వాచ్‌మన్ నోట పెట్టినా, టీ కొట్టు యజమాని నోట పెట్టినా తేడా రాదు. కోటయ్య ఇక్కడ లేడు. అతన్ని అతని పనిలో నిలబెట్టి మళ్లీ రాద్దాం:

“నిన్న సాయంత్రం మూడో ఛాంబరులో 112 టిక్కీలమ్మా. తాళం నేనే వేశాను. పొద్దున లెక్కపెడితే 113.”
“యజమానికి చెప్పారా, కోటయ్య గారూ?”
“తగ్గితే దొంగతనమంటారు, చెప్పుకోవచ్చు. పెరిగితే ఏమని చెప్పమంటారు? ఆ టిక్కీ ఎవరి పేరున రాయను?”

దయ్యం అన్న మాటే రాలేదు. అయినా ఆ చీకటి గదిలోకి ఎవరో మూట మోసుకొచ్చి దింపిన సంగతి ప్రేక్షకుడికి అందింది. అంతకంటే ముఖ్యంగా, ముప్పై ఏళ్లుగా ఒక్క కొట్టివేత లేకుండా రిజిస్టరు నడిపిన మనిషికి ఈ అదనపు టిక్కీ ప్రాణభయం కంటే పెద్ద కష్టం. నిజం రాస్తే పిచ్చివాడంటారు, 112 అనే రాస్తే తన చేతులతో తాను మొదటిసారి తప్పుడు లెక్క రాసినవాడవుతాడు. సుభద్ర వచ్చినా రాకపోయినా అతనికి ఆ రాత్రి నిద్ర పట్టదు, అందుకే అతను పాత్ర అయ్యాడు. ఆ టిక్కీని ఆమె తాకినప్పుడు వినబడే మాట ఒక చనిపోయిన హమాలీది అయితే, ఆ హమాలీకి రావలసిన కూలి ఏ పేజీలో ఎగిరిపోయిందో చెప్పగలిగినవాడు కూడా కోటయ్యే. కేసు పరిష్కారం అతని రిజిస్టరులోనే ఉండేలా చూసుకోండి.

రెండవ పాత్ర కోసం చట్టాన్ని తిరగేయండి, అక్కడ మనుషులు దొరుకుతారు. అనుమానాస్పద మరణం జరిగితే పోలీసులు శవ పంచనామా చేయాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నేర విచారణ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్, అంతకుముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో 174వ సెక్షన్, ఆ పనికి చుట్టుపక్కల ఉండే కనీసం ఇద్దరు గౌరవనీయులైన వ్యక్తుల సమక్షం అవసరమని చెబుతున్నాయి. మృతదేహంపై గాయాలు, అవి ఏ ఆయుధంతో అయినట్టు కనబడుతున్నాయో ఆ నివేదికలో రాయాలి. ఇప్పుడు యార్డు ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఒక నడివయసు స్త్రీని పంచాయతీదారుగా, అంటే పంచనామా సాక్షిగా, పిలిచారనుకోండి. శవం భుజం మీద మూట మోసినట్టు పడిన కమిలిన గుర్తు, ఆమె చూస్తుండగానే, రెండో భుజం మీదకు మారింది. ఆమె సంతకం పెట్టాలి. ఎస్సై తొందరపెడుతున్నాడు, బయట కొట్టు తెరిచి వచ్చింది. ఈ స్త్రీని ఒక్క ఎపిసోడ్‌తో వదిలేయకండి. ఆ సంతకం గురించి ఆమెను ఎప్పుడో ఒకరోజు ఎవరో అడుగుతారు.

మంత్రగాడు, నవ్వించే సహాయకుడు, ఈ రెండు పాత్రల గురించి ఎక్కువ చెప్పను. ఎర్ర శాలువా కప్పుకొని అన్నీ తెలిసినట్టు మాట్లాడే మంత్రగాడిని మొదటి సీజన్‌లో పూర్తిగా మానుకోమని నా సలహా. హాస్యం ఎవరికైనా ఉండవచ్చు, కానీ హాస్యం కోసమే ఒకరిని పెట్టుకుంటే భయపడవలసిన చోట అతను అడ్డుపడతాడు. పూజారి నమ్మాలి, డాక్టరు కాదనాలి అనే అలవాటును కూడా తిరగేసి చూడండి. పోస్ట్‌మార్టం చేసే డాక్టరు తాను చూసినదాన్ని మనసారా నమ్మి, నివేదికలో మాత్రం దేహం మీద చూపించగలిగినదే రాయగలిగిన మనిషి అయితే, ఆమెకూ సుభద్రకూ మధ్య జరిగే ప్రతి సంభాషణలోనూ బిగువు ఉంటుంది.

ఒక జాగ్రత్త. అందరూ ఒకే వేగంతో నమ్మకానికి రాకూడదు. కోటయ్య మొదటి రోజే నమ్మి, సుభద్ర దగ్గర తప్ప మరెక్కడా నెలలపాటు నోరు విప్పడు. కిరాణా కొట్టు స్త్రీ వెంటనే అందరికీ చెప్పి, ఎవరూ వినకపోవడంతో క్రమంగా తన కళ్లనే శంకించడం మొదలుపెడుతుంది. డాక్టరు స్థిరంగా ఉంటుంది. ఈ ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టే సన్నివేశాన్ని కనీసం నాలుగో ఎపిసోడ్ దాకా ఆపండి.

ఈ పాఠానికి అభ్యాసం: మీరు దగ్గరగా చూసిన ఒక వృత్తిని ఎంచుకోండి. బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణం కావచ్చు, ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర రాత్రి డ్యూటీ కావచ్చు. ఆ వృత్తిలో రోజూ రాసే, లెక్కపెట్టే, లేదా తాళం వేసే పని ఒకటి తీసుకొని, దానిలో జరగకూడని మార్పు ఒక్కటే ప్రవేశపెట్టండి. ఆ మనిషి దాన్ని సుభద్రకు చెప్పే సన్నివేశం రెండు పేజీలు మించకుండా, దయ్యం, ఆత్మ, భయం అన్న మాటలు వాడకుండా రాయండి. తర్వాత అదే సన్నివేశాన్ని సుభద్ర లేకుండా, ఆ మనిషి తన ఇంట్లో భార్యకో భర్తకో చెబుతున్నట్టు రాయండి. రెండింటిలో దాచిన విషయాలు వేరువేరుగా ఉండాలి. ఆరవ పాఠంలో ఆ రెండో సన్నివేశాన్ని తీసుకొని ఎపిసోడ్ మధ్యలో ఎక్కడ పెట్టాలో చూద్దాం.